పడమటి మడి నత్తలు

మొన్న వాన వెలిసిన పొద్దున మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు పాతిక కిలోల ఉప్పు బస్తా వాచ్‌మన్ నెత్తిన పెట్టించి తెచ్చి, కాంపౌండ్ గోడ పొడుగునా పోయించబోతుంటే, నేను నైటీ మీద చున్నీ కప్పుకుని మూడంతస్తులు దిగి వెళ్ళి ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన తప్పేమీ లేదు. కిష్టారెడ్డిపేటలో మేమంతా అప్పులు చేసి కొనుక్కున్న ఈ బిల్డింగుకు అందం రావాలని నర్సరీ నుంచి మట్టితో సహా మొక్కలు తెప్పిస్తే, ఆ మట్టిలో నత్తలు కూడా దిగాయి. ఇప్పుడు నాలుగు చినుకులు పడితే చాలు, గోడ మీద, పార్కింగులో, లిఫ్టు ముందర, పిల్లల సైకిలు సీట్ల మీద పిడికెడేసి నత్తలు. ఆయన నన్ను వింతగా చూసి, "నత్తలే కదా మేడమ్, వాటి మీద మీకంత ప్రేమేంటి?" అన్నాడు. ప్రేమ అనుకున్నాడు, పాపం. నేను పైకొచ్చి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఈ కోపం ఎక్కడిదో రాసుకుంటే గానీ దిగేలా లేదు.

మా నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, కర్దనూర్‌లో ఉంటుంది. మామయ్య పోయాక ఆమెకు మిగిలింది ఊరి చివర అరెకరం నేల, ఒక బోరు, పనిముట్లు పెట్టుకునే రేకుల కొట్టం. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే అమ్ముకుని ప్లాట్లు చేయించినా ఆమె మాత్రం ఆ అరెకరంలో ఆకుకూరలు పెంచింది. పాలకూర, కొత్తిమీర, మెంతి, పుంటికూర. పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఆటోలో ఇస్నాపూర్ పోయేది. అక్కడ కిరాయి గదుల్లో ఉండే బీహార్, ఒడిశా పిల్లలు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే వేళకు వాళ్ళ గల్లీ మొదట్లో కూర్చునేది. ఆమె హిందీలో క్రియాపదాలు ఉండేవి కావు. అయినా వాళ్ళకు అన్నీ అర్థమయ్యేవి, ముఖ్యంగా తిట్లు. కట్ట విప్పి లోపల పుచ్చాకు ఉందేమోనని వెతికేవాణ్ణి ఆమె వదిలిపెట్టేది కాదు. నా పంటను అనుమానిస్తావా అని రోడ్డంతా వినపడేలా అరిచి, చివరికి ఇంకో కట్ట ఊరికే చేతిలో పెట్టి పంపేది. మా ఇంట్లో కోపం ఆమె దగ్గర్నుంచే అందరికీ వచ్చిందని మా అమ్మ అనేది.

నత్తలంటే మా వైపు అందరికీ చెరువు నత్తలే తెలుసు, వండుకు తినేవి. పొలంలో పాకే నత్తలు మాకు కొత్త. పక్కన లేఅవుట్లు పడి, వాటి గేట్ల ముందర నర్సరీ మొక్కలు నాటాక ఒక వానాకాలంలో అవి అత్త మడుల్లోకి దిగాయి. రాత్రికి రాత్రి మెంతి మడి మొత్తం బోడిగుండు అయింది. నేను ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. నేల మీద బతికే నత్తకు మొప్పలు ఉండవనీ, మనలాగే గాలి పీల్చుకుంటుందనీ బోర్డు మీద బొమ్మ వేసి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ ఆ గాలి పీల్చే రంధ్రాన్ని నాకు మొదట చూపించింది మా అత్త. ఒక నత్తను పట్టుకుని, గుల్ల అంచు కింద కుడివైపు చిన్న బొక్క తెరుచుకోవడం, మూసుకోవడం చూపించి, "గిదో, గీడికెంచి ఊపిరి తీస్తది ముండ" అంది. నేను వంగి కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. పుస్తకంలో బాణం గుర్తు పెట్టి చూపించే దాన్ని బతికున్నదాని మీద చూడటం నాకు అదే మొదటిసారి, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

వాటిని పట్టడానికి ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. సాయంత్రం గోనెసంచులు తడిపి మడికీ మడికీ మధ్య పరిచేది. వాటి కింద బొప్పాయి ఆకులు పెట్టేది. తెల్లారేసరికి ఊళ్ళో నత్తలన్నీ పాలకూర మానేసి ఆ సంచుల కింద సభ చేసేవి. ఆమె చేతికి పాలిథీన్ కవరు తొడుక్కుని, సంచి ఎత్తి, ఒక్కొక్కటీ ఏరి బకెట్‌లో వేసేది. బకెట్‌లో ఉప్పునీళ్ళు. ఎండెక్కేలోపు అంతా అయిపోయేది. ఆ తరువాత ఆమె చేసే పని ఇక్కడ రాయాలి, ఎందుకంటే అసలు సంగతి అదే. బకెట్ మీద మూత పెట్టి, కొంగు బిగించుకుని, పొలం దాటి, బండ్ల బాట దాటి, అవతల ఉన్న రాతి గుట్ట దాకా నడిచి, అక్కడ బండ మీద గుమ్మరించి వచ్చేది. రోజూ. మోకాళ్ళ నొప్పితో, అంత దూరం. ఒకసారి నేను సాయం చేస్తానని వెళ్ళి, ఏరడం అయ్యాక చేతులు మడి పక్క కాలువలో కడుక్కోబోయాను. ఆమె నా రెక్క పట్టి లాగింది. "ఉప్పు చేతులు నీళ్ళల్ల వెడ్తవా? సదువుకున్నవ్, గంత గూడ తెల్వదా? ఉప్పు వడ్డ నేల మల్ల తిరిగి రాదు" అని నా వయసు కూడా చూడకుండా తిట్టింది. కాబట్టి నాకు తెలుసు. ఆమె ఉప్పును నేలకు తగలనిచ్చేది కాదని ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ పొలానికి పడమటి వైపు ఒక కంపెనీ గోడ. గోడ అడుగున ఒక గొట్టం. వాన నీళ్ళు బయటికి పోవడానికని పెట్టుకున్నారు. వాన గట్టిగా పడ్డ రోజున దాంట్లోంచి వచ్చే నీళ్ళు డికాక్షన్ రంగులో ఉండేవి, వాసన ముక్కు పొడుం పీల్చినట్టు నషాళానికి ఎక్కేది. వానలో వదిలితే వానే అనుకుంటారని వాళ్ళ ధైర్యం. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అత్త మడి గట్టున చతికిలబడి ఉంది. ఆమె ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పడమటి మడిల నత్తలు వస్తలేవు బిడ్డా" అంది.

"మంచిదే గదా అత్తా, పీడ వోయింది" అన్నాను నేను.

"ఏం మంచిది? సంచి లేపితే కింద ఒక్కటి లేదు. పాలకూర గట్లనే పచ్చగ ఉన్నది, తినెతందుకు వస్తలేవు. ఈ మడి కాడికి వచ్చి మల్ల ఎనక్కి మర్లుతున్నయ్. ఏదో ఉన్నది నేలల."

నేను నవ్వాను. నత్తలు తినకపోతే బెంగపడే రైతును నిన్నే చూస్తున్నానన్నాను. పదిహేను రోజులకు ఆ పాలకూర అంచులు ఎండాయి. నెలకు మడి మొత్తం పసుపు పచ్చగా మారి కూలిపోయింది. కింద మట్టి మీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొర కట్టింది, దాని మీద అక్కడక్కడా ఖాళీ గుల్లలు. రోజూ పొద్దున వంగి సంచులెత్తే మనిషికి నేల జబ్బు మనకంటే నెల ముందు తెలిసింది. తెలిసి చెబితే నేను నవ్వాను. దీనికే నాకు ఒక శిక్ష పడాలి, కానీ ఇది చిన్న తప్పు.

అత్త కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో ఫిర్యాదు చేసింది. నేనే రాసిచ్చాను, మంచి భాషలో. ఆమె అడిగింది ఒక్కటే, ఆ గొట్టం మూయించమని. పోయిన పంట సంగతి ఎత్తనే లేదు. తూర్పు మడులు ఇంకా బాగున్నాయి, గొట్టం మూస్తే అవైనా మిగులుతాయని ఆమె ఆశ. మూడు నెలలు తిరిగాక ఆఫీసు నుంచి ఒక సారు జీపులో వచ్చాడు. ఆయన వెంట కంపెనీ తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన. రైతు ఫిర్యాదు మీద తనిఖీకి వచ్చే సారు, ఫిర్యాదు పడ్డ కంపెనీ ఆయనతో ఒకే జీపులో దిగడం చూసినప్పుడే నాకు ఒళ్ళు మండాల్సింది. మండలేదు. కంపెనీ ఆయన నన్ను "మేడమ్" అన్నాడు, కొట్టంలోంచి కుర్చీ తెచ్చి వేశాడు, నేను కూర్చున్నాను. "మాది జీరో డిశ్చార్జ్ యూనిట్ మేడమ్, చుక్క నీళ్ళు బయటికి పోవు మేడమ్" అని నాకు పాఠం చెప్పాడు. అతని వెనకే గొట్టం ఉంది. ఆ రోజు ఎండ కాబట్టి పొడిగా, బుద్ధిమంతుడిలా ఉంది.

సారు పడమటి మడి మట్టిని నీళ్ళలో కలిపి, పెన్ను లాంటి మీటరు ముంచి చూసి, "చాలా ఉప్పు ఉంది" అన్నాడు. నాకు సంతోషమేసింది, గొట్టం నీళ్ళలో ఉప్పే నేలకెక్కిందని రుజువైంది కదా అని. అప్పుడు కంపెనీ ఆయన కొట్టం వైపు చూశాడు. అక్కడ గోడకు ఆనించి సగం వాడిన ఉప్పు సంచి ఉంది. సారు అది చూసి, "ఇది దేనికి మేడమ్?" అని నన్ను అడిగాడు. అత్తను అడగలేదు. అత్త అక్కడ లేదు కూడా. ఇంటికొచ్చిన సార్లను వట్టి చేతులతో పంపకూడదని తూర్పు మడిలో లేత పాలకూర కోస్తోంది, వాళ్ళకోసం.

ముప్పై ఏళ్ళు క్లాసులో మాట్లాడిన నోరు. అడిగితే చాలు. నత్త చర్మం ఎంత పలచనిదో, ఉప్పు తగిలితే దాని ఒంట్లో నీరు ఎలా బయటికి లాగేస్తుందో, దాన్ని ద్రవాభిసరణ అంటారనీ, ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. మా అత్త చదువు లేకపోయినా ఈ పద్ధతిని సొంతంగా కనిపెట్టుకుందని గొప్పగా చెప్పాను. "రోజూ వాడతారా?" అన్నాడు. "వానాకాలమంతా రోజూ" అన్నాను. ఆయన తలూపుతూ రాసుకుంటున్నాడు. నేను చెప్పే పాఠాన్ని అంత శ్రద్ధగా రాసుకున్న విద్యార్థి నా సర్వీసులో లేడు. ఆ బకెట్ ఎక్కడ గుమ్మరిస్తుందో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. గుట్ట అక్కడే ఉంది, తల తిప్పితే కనపడుతుంది. చెయ్యెత్తి చూపిస్తే అయిపోయేది.

అత్త పాలకూర కట్టలతో వచ్చేసరికి కాగితం తయారైంది. "సదువు బిడ్డా, ఏం రాసిండో" అంది. చదివాను. ఫిర్యాదుదారు నత్తల నివారణకు ప్రతిరోజూ ఉప్పు వాడుచున్నట్లు ఆమె బంధువు, ప్రభుత్వ ఉపాధ్యాయురాలు తెలిపినారు అని ఒక లైను. అత్త అక్కడ ఆపింది. "ఉప్పు ముచ్చట గిండ్ల ఎందుకు రాసిండు?" అంది. నేను విసుక్కున్నాను. "ఉన్నదే రాసిండు గదా అత్తా, అబద్ధమేం గాదు. పెట్టు సంతకం" అన్నాను. ఆమె నా మీద నమ్మకంతో పెట్టింది. వేలిముద్ర కాదు, సంతకం. ఒక్కో అక్షరం నేల మీద ముగ్గు వేసినంత నెమ్మదిగా పెట్టింది. ఆ సంతకం నేర్పింది నేనే. సార్లిద్దరూ చెరి రెండు కట్టలు పాలకూర జీపులో పెట్టుకుని పోయారు.

వాళ్ళు ఆ పాలకూర వండుకు తిని ఉంటారు. 

నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. నేలలోని ఉప్పుదనం ఫిర్యాదుదారు స్వయంగా వాడిన ఉప్పు వల్ల కలిగినదిగా భావించి ఫిర్యాదును ముగించడమైనది అని. దానికింద నేను చెప్పిన వాక్యమే ఆధారం. అత్త అంతా విని, కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది.

"నేను నేలల పోసిన్నా బిడ్డా?"

"లే అత్తా."

"మరి నువ్వు జెప్పలేదా?"

అరిచి ఉంటే బాగుండేది. కట్ట విప్పి చూసినవాణ్ణి రోడ్డు మీద నిలబెట్టి తిట్టే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికి పోయి పొయ్యి మీద చాయ్ పెట్టింది. ఆ తరువాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. ఆమె తిట్టకపోవడాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

ఆ మర్నాడే నేను సెలవు పెట్టి ఆఫీసుకు పోయాను. బకెట్ ఎక్కడ గుమ్మరిస్తుందో వివరంగా రాసి, సంతకం చేసి తీసుకుపోయాను. ఆ సారు చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. చదివాడు. "మేడమ్, మీరు గవర్నమెంట్ టీచర్. అప్పుడొకటి చెప్పి ఇప్పుడొకటి రాసిస్తే మీ డిపార్ట్‌మెంట్‌కు రిఫర్ చెయ్యాల్సొస్తది. రిటైర్మెంట్ ఎప్పుడు మేడమ్?" అన్నాడు. బెదిరింపు అని చెప్పడానికి వీల్లేనంత మెత్తగా అడిగాడు. నాకు అప్పటికి రెండేళ్ళ సర్వీసు ఉంది. పెన్షన్ ఉంది, ఈ అపార్ట్‌మెంట్ ఉంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వచ్చేశాను. ఆయన మీద ఎంత కోపం ఉన్నా, హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది నా చెయ్యే. ఆఫీసుకు వెళ్ళినట్టు కూడా అత్తకు చెప్పలేదు. గొట్టం అలాగే ఉంది. రెండో వానాకాలానికి నడిమి మడులు పోయాయి, మూడో దానికి తూర్పు మడులు. నత్తలు అదే వరుసలో ముందుగా పోతూ వచ్చాయి. అత్త గంప కొట్టంలో బోర్లా పడింది.

మావి పాత క్రైస్తవ సంఘపు కుటుంబాలు. ఏటా పంటలు చేతికొచ్చాక గుడిలో, అంటే మా చర్చిలో, కోత పండుగ చేస్తాం. ఎవరి మొదటి పంట వాళ్ళు తెచ్చి ముందర పెట్టాలి. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, మొక్కజొన్న, పొలాలు లేనివాళ్ళయితే సూపర్ మార్కెట్ బియ్యం ప్యాకెట్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. కాళ్ళు కట్టి తెచ్చిన కోడి ఆరాధన మధ్యలో కూస్తే అందరూ నవ్వు ఆపుకుంటారు. అత్త ఏటా గంపెడు ఆకుకూర తెచ్చేది, మంచు తడి ఆరకముందే. పోయినసారి పండుగకు ఆమె వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. గంప మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. తన వంతు రాగానే నడిచి వెళ్ళి, గుమ్మడికాయల పక్కన పెట్టి, గుడ్డ తీసింది. గంప నిండా ఎండకు తెల్లబడిన నత్తగుల్లలు.

పాస్టరు అయ్యగారు వంగి చూసి, "ఏందమ్మా ఇది?" అన్నారు, నెమ్మదిగా.

"మొదటి పంట అయ్యగారూ. మూడేండ్ల సంది నా పొలంల ఇవే పండుతున్నయ్. ఉన్నది దేవుని కాడికి తేవాలె గదా, తెచ్చిన" అంది అత్త. వచ్చి నా పక్కన కూర్చుంది. వెనక వరుసలో ఎవరో ముసలామెకు మతి పోయిందన్నారు. వేలం వేసే పెద్దమనిషి గంపను కాలితో కొంచెం పక్కకు జరిపాడు. ఆ కాలిని చూశాక నేను కూర్చోలేకపోయాను.

మాలో సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటి ఉంటుంది. జబ్బు నయమైందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. నేను లేచి వెళ్ళాను. మైకు మీద ఆ కంపెనీ పేరే ఉంది, గుడికి వాళ్ళే ఇచ్చారు. మైకు పక్కన పెట్టి, క్లాసులో అరిచినట్టు అరిచి చెప్పాను. ఉప్పు సంగతి, బకెట్, గుట్ట, కుర్చీ, ద్రవాభిసరణ, పాలకూర కట్టలు, హ్యాండ్‌బ్యాగు, అన్నీ. పేర్లు ఎత్తలేదు, గొట్టం ఏ గోడకుందో ఊరందరికీ తెలుసు. నేను ముగించగానే అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారే "స్తోత్రం" అన్నారు. సాక్ష్యం ఏదైనా స్తోత్రమే. నాకు నవ్వూ ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిరిగొచ్చి కూర్చుంటే అత్త నా వైపు చూడకుండానే అంది, "గింత గొంతు ఉన్నది గదా బిడ్డా నీకు. గా దినం ఏడ వెట్టినవ్?"

సోమవారం పొద్దున ఆ నాలుగు మడతల కాగితాన్ని మళ్ళీ రాసి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. ఇప్పుడక్కడ వేరే సారు. పాత ఫైలు తీయించాలన్నాడు. ఇంకా తీయిస్తూనే ఉన్నాడు. 'ఆ ఉప్పునీళ్ళు మడిలో పోయలేదు' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇక్కడ కూర్చుని గడియారం చూస్తూ అని చూశాను, రెండు సెకన్లు కూడా పట్టలేదు. నాకు మూడు వానాకాలాలు పట్టింది, ఆ మూడు వానాకాలాల్లో ఆ గొట్టం ఒక్క వాన కూడా పోగొట్టుకోలేదు.